సగం ఇంజిన్

ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల నడుమ ఒక చిన్న రన్‌వే. అక్కడ ఒకే గురువు దగ్గర ఇద్దరు విమానం నడపడం నేర్చుకున్నారు. ఇద్దరూ నేర్పరులే. ఇద్దరూ నడిపేది సెస్నా 172 విమానమే.

ఒకరోజు పెద్దవాడు టేకాఫ్ అయి 400 అడుగులు ఎక్కాడో లేదో ఇంజిన్ ఆగిపోయింది. వెనక్కి వెళ్దామన్న ఆశ కూడా మిగల్లేదు. వెంటనే ముక్కు దించాడు. వేగాన్ని 65 నాట్ల దగ్గర నిలిపి, ఎదురుగా ఉన్న పొలంలో దిగాడు. ముందు చక్రం విరిగింది కానీ మనిషి నడిచి బయటికొచ్చాడు.

మరుసటి ఏడు చిన్నవాడికీ అదే రన్‌వే మీద, అదే ఎత్తులో ఆపద వచ్చింది. అతని ఇంజిన్ మాత్రం ఆగలేదు. గడగడా వణుకుతూ ఆర్‌పీఎం 2,300 నుంచి 1,900కి జారింది. ‘ఇంకా తిరుగుతోందిగా, రన్‌వే చేరిపోతాను’ అనుకున్నాడు. దిగడానికి అనువైన పొలాన్ని దాటేశాడు. ఎత్తు తగ్గుతుంటే ముక్కు పైకి లాగాడు. వేగం పడిపోయింది. ఆ వేగంలోనే విమానాన్ని బాగా వంచి రన్‌వే వైపు తిప్పాడు. రెక్క గాలి మీద పట్టు కోల్పోయి విమానం స్టాల్ అయింది. సరిదిద్దుకోవడానికి ఎత్తు లేదు. విమానం తుక్కయింది. అతని ప్రాణం మాత్రం దక్కింది.

ఆస్పత్రికి వచ్చిన గురువుని అడిగాడు: “అన్న ఇంజిన్ పూర్తిగా చచ్చింది, నాది సగం బతికే ఉంది. మరి అతను నడిచొచ్చి, నేను మంచాన పడ్డానేం గురువుగారూ?”

“అతని ఇంజిన్ నిజం చెప్పింది నాయనా. నీ ఇంజిన్ ఆశ పెట్టింది. ముందు ముక్కు దించి వేగం కాపాడుకోవాలి. మిగిలిన శక్తి ఏ క్షణానైనా పోతుందనుకుని, అది పోయినా చేరగల చోటునే గురిపెట్టాలి. ఎత్తు ఉంటేనే ఇంజిన్ లోపం వెతుకుతూ కార్బ్యురేటర్ హీట్, ఇంధనం, ఇంధనం-గాలి మిశ్రమం చూసుకోవాలి. ఏ ఎత్తు దాకా నేరుగా ముందుకే దిగాలో నేల మీద ఉండగానే తేల్చుకోవాలి. గాల్లో బేరాలు కుదరవు” అన్నాడు గురువు.

నీతి: పూర్తిగా పోయిన బలం కన్నా సగం మిగిలిన బలమే మనిషిని ఎక్కువగా మోసం చేస్తుంది. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ లెక్కలూ ఇదే చెబుతున్నాయి. 2000 నుంచి 2010 దాకా అక్కడ ఒంటి ఇంజిన్ విమానాల్లో టేకాఫ్ తర్వాత శక్తి కొంత తగ్గిన ఘటనలు 242 జరిగితే, వాటిలో తొమ్మిది ప్రాణాంతకమయ్యాయి. ఇంజిన్ పూర్తిగా ఆగిన ఘటనలు 75. వాటిలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. అరకొర బలాన్ని నమ్మి అటూ ఇటూ ఊగేవాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. బలం సగమే మిగిలినా నిర్ణయం మాత్రం పూర్తిగా ఉండాలి.