యాత్రలో మనము ఏమి చూచుచున్నాము?

(యోహాను 4:19–24 చదువుడి)

దీపావళి దాటగానే పాలమూరు జనులు కురుమూర్తి జాతరకు తరలుదురు. క్రిస్మసుకు మన సంఘస్థులు బస్సులెక్కి మెదకు పోవుదురు. వారిది మ్రొక్కుబడి, మనది భక్తి అని తేలికగా చెప్పుదుమా?

సమరయ స్త్రీ ప్రభువు ఎదుట ఈ సంగతినే ఎత్తెను. ఆయన ఆమె కొండనైనను యెరూషలేమునైనను చూపలేదు. తండ్రి వెదకునది స్థలమును కాదు, నిజముగా ఆరాధించు మనుష్యులనే అని తెలిపెను. కాబట్టి మెదకు చూచినందున మనకు పుణ్యము చేరదు.

అయితే చూచుట వ్యర్థమా? కాదు. పౌలు ఏథెన్సులో అన్నియు చూచిన పిమ్మటనే మాటలాడెను (అపొ. 17). మనమును అట్లు చూతము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును కట్టినవారిలో కరవు బాధితులు కలరు. పాస్నెట్ దొర వారికి పని చూపి అన్నము పెట్టెను. కురుమూర్తి స్వామి ఉద్దాలను వడ్డెమానులో మాదిగ సోదరులు నిష్ఠతో కుట్టుదురు. వాటిని ఊరేగింపుగా కొండకు తెత్తురు; జనులు మ్రొక్కుదురు.

ఉద్దాలకు మ్రొక్కిన ఊరు, వాటిని కుట్టినవాని చేతి నీళ్లు త్రాగునా? పొరుగువానిని అడుగకముందు మనలను మనమే అడుగుకొందము. ప్రభు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, పిల్లల పెండ్లి మాట రాగానే మాల, మాదిగ అని విడిపోవుట లేదా? ఎంత ఎత్తైన గోపురమును ఆ గోడను దాటింపలేదు.

పొరుగువాని యాత్రను ఎగతాళి చేయకుందము. మెదకునుండి తిరిగి వచ్చిన దినమున, ప్రక్క వాడలోని సోదరుని యింట కూర్చుండి భోజనము చేయుదము. మన యాత్ర అక్కడ ముగియవలెను.