మనశ్శాంతి ఎవరి కోసం?

"ఫాదర్ గారూ, మా అబ్బాయి హైదరాబాదులో టిబెట్ ధ్యానం నేర్చుకుంటున్నాడు. అది పాపమా?" అని ఈమధ్య తల్లులు అడుగుతున్నారు. నాగల్‌గిద్ద లాంటి మారుమూల ప్రాంతానికి కూడా ఫోన్ ద్వారా ఈ ధ్యానం వచ్చేసింది. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుని శ్వాసను గమనిస్తే మనసు కుదుటపడుతుందని ఆ పిల్లలు చెప్పే మాట. అందులో అబద్ధం లేదు.

నిజానికి ఇది మనకు పరాయి సరుకు కాదు. ఆచార్య నాగార్జునుని గ్రంథాలను టిబెట్ సన్యాసులు నేటికీ చదువుతారు. మన అమరావతినే వారు ధాన్యకటకమని పూజ్యంగా తలుస్తారు. 2006 జనవరిలో దలైలామా అక్కడే కాలచక్ర దీక్షనిచ్చారు. మన గురువులూ వారిని ఎరుగనివారు కారు. యేసుసభకు చెందిన ఇప్పోలితో దెసిదేరి 1716లో లాసా చేరి, ఆ భాష నేర్చి, సెరా మఠంలో వారి శాస్త్రాలు చదివాడు. పునర్జన్మ సిద్ధాంతాన్ని ఖండించాడు, అదీ వారి భాషలోనే గ్రంథాలు రాసి. చదవకుండా ఖండించే అలవాటు ఆయనకు లేదు!

శ్రీసభ మాట స్పష్టంగానే ఉంది. ఇతర మతాలలోని సత్యమైనదానిని, పవిత్రమైనదానిని తాను నిరాకరించనని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. 1989లో పీఠాధిపతులకు రోమునుండి వచ్చిన లేఖ ధ్యాన పద్ధతుల గురించే మాట్లాడింది. క్రైస్తవేతరమైనవి అన్న ఒక్క కారణంతో వాటిని తోసిపుచ్చవద్దంది. అయితే శరీరానికి కలిగే హాయిని పవిత్రాత్మ ఇచ్చే ఓదార్పుగా పొరబడవద్దని కూడా హెచ్చరించింది.

నా చింత వేరు. మన ప్రాంతం నుండి ఏటా ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి వలస పోతాయి. తీసుకున్న అడ్వాన్సు తీరక, పిల్లల బడి మధ్యలో ఆగిపోయి నిద్రపట్టని తండ్రికి ఉన్నది జబ్బు కాదు. ఆ ఆందోళన అతనికి ఉన్న సంగతే చెబుతోంది. "శ్వాసను గమనించు" అని అతనికి చెప్పి మనం ఇంటికి పోవచ్చునా? ఇంకొక సంగతి. కూలి ఎగ్గొట్టినవాడు కూడా ధ్యానం చేసి హాయిగా నిద్రపోగలడు. అతనికి నిద్ర పట్టకపోవడమే మేలు. కోపం రావలసినచోట రాకపోవడం కూడా దోషమేనని పునీత తోమాస్ అక్వీనాస్ బోధించాడు. క్రీస్తునాథుడు లాజరు సమాధి వద్ద కన్నీరు పెట్టాడు, గెత్సెమనిలో వేదనపడ్డాడు. కలవరం లేకపోవడమే పరిపూర్ణత అయితే ఆ రాత్రిని ఏమనాలి?

అలాగని శాంతిని తీసిపారేయలేం. పట్టరాని కోపంతో భార్యమీద చెయ్యెత్తబోయే మనిషి పది శ్వాసలు ఆగగలిగితే ఆ ఇల్లు నిలుస్తుంది. నిలకడ చేతి పనిముట్టు వంటిది. దానితో ఏంచేస్తామన్నదే అసలు ప్రశ్న. ఈ విషయం టిబెట్ వారికి మనకన్నా బాగా తెలుసు. మనసును ఒకచోట నిలపడం వారికి తొలి మెట్టు మాత్రమే. టోంగ్‌లెన్ అనే సాధనలో ఎదుటివారి బాధను లోపలికి పీల్చుతున్నట్టు, తన సుఖాన్ని బయటికి పంచుతున్నట్టు తలుస్తారు. తన హాయి కోసం కూర్చున్నవాడికి ఇది తలకిందుల పాఠం. ఫోన్‌లో అమ్మేవారు తరచుగా ఈ భాగాన్నే వదిలేస్తారు. కొనేవాడు అడిగేది తన నిద్ర గురించే కదా.

కనుక తల్లులారా, పిల్లవాడు శ్వాసను గమనిస్తుంటే భయపడకండి. దేవతలను ఆవాహన చేసే దీక్షల జోలికి మాత్రం వెళ్ళవద్దనండి, అది ఆరాధన, కసరత్తు కాదు. దలైలామా కూడా ఎవరి మతంలో వారు నిలవడమే మంచిదని పలుమార్లు చెప్పారు. వారాల తరబడి నిద్రలేక, బతుకు మీద ఆశ పోయినట్టు మాట్లాడితే ఏ ధ్యానం కోసమూ ఆగకుండా డాక్టరు వద్దకు తీసుకెళ్ళండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఇంటి నుండే ఫోన్ చేయవచ్చు, డబ్బులు అడగరు.