గడప దాటని పలకరింపు



2008 మార్చిలో తెరువబడిన శంషాబాదు విమానాశ్రయపు వాకిట ఒక దృశ్యము నిత్యము కనబడుచుండును. కువైటునకో దుబాయికో పోవు కుమారుని సాగనంపుటకు పల్లెనుండి తల్లిదండ్రులు, తోబుట్టువులు వచ్చెదరు. టిక్కెట్టు లేనివారు ద్వారమునొద్దనే నిలిచిపోవుదురు. కుమారుడు లోనికి పోయిన పిమ్మట ఆ తల్లి చేతిలో మిగులునది ఫోను మాత్రమే.

ఆ ఫోనులోని స్నేహము నిజమైనదా, వట్టి ఆర్భాటమా?

ఒక తరము క్రిందట గల్ఫునకు పోయిన మనవారు ఉత్తరములు వ్రాసిరి. జవాబు వచ్చుటకు వారములు పట్టెడివి. 2004లో ఫేస్‌బుక్, 2009లో వాట్సాప్ పుట్టినవి. నేడు ఆ తల్లి కుమారుని ముఖమును ప్రతి రాత్రి చూడగలదు. 2020 మార్చిలో ప్రయాణికుల విమానములు నిలిచిపోయినప్పుడు, తండ్రి సమాధి కార్యమును సహితము ఈ చిన్న తెరమీదనే చూచినవారున్నారు. దీనిని వట్టి ఆర్భాటమనుట న్యాయము కాదు.

అయితే రెండవ పక్షమును విచారింపవలెను. ఫేస్‌బుక్ వంటి సంస్థలకు రాబడి ముఖ్యముగా ప్రకటనలవలన వచ్చును. మన కన్ను తెరమీద ఎంతసేపు నిలిచిన, వారికి అంత లాభము. బంధుమిత్రుల మాటలు ఇతర సంగతుల రద్దీలో మరుగున పడుచున్నవని ఆ సంస్థయే 2018 జనవరిలో ఒప్పుకొనెను. ఒకప్పుడు మన యువకులు మక్కువపడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడెను.

ఆ తల్లి జ్వరముతో మంచము పట్టెననుకొనుడి. కుమారుడు ఆ మాటను సంఘపు వాట్సాప్ గ్రూపులో పెట్టెను. నూరుమంది చేతులు జోడించిన బొమ్మను పంపిరి. ఒక్కరును ఆమె గడప తొక్కలేదు. ఇది సహవాసమా? అదే మాట చదివి పొరుగామె ఒకతె గంజి కాచి తెచ్చినయెడల, ఆమెను పిలిచినదియు ఆ ఫోనే గదా! సాధనము ఒక్కటే, భేదము మన పాదములలో నున్నది.

యోహాను తన రెండవ పత్రికను ముగించుచు, చెప్పవలసినది ఇంకను చాల ఉన్నదనియు, దానిని ఎదుటనే నిలిచి చెప్పగోరుచున్నాననియు తెలిపెను. ఆయన ఉత్తరమును తృణీకరింపలేదు, వ్రాసెను. అయినను దానితో తృప్తిపడలేదు. పౌలు సహితము తిమోతిని త్వరగా రమ్మని, త్రోయలో విడిచిన అంగీని తెమ్మని కోరెను. చలికాలమున ఉత్తరమును కప్పుకొనలేము గదా!

దూరదేశముననున్న కుమారుడు నడచి రాలేడు. అతడు పంపగలిగినది మాట మాత్రమే; ఆ మాటకు పాదములు మనమే కావలెను. కాబట్టి ప్రియులారా, చేతులు జోడించిన బొమ్మను నొక్కుటకు ముందు, ఆ యిల్లు నాకు నడచిపోగలిగినంత దూరములో నున్నదా అని ఎవరికి వారు అడిగికొందము. ఉన్నయెడల, ఫోను జేబులో పెట్టి లేచిపోదము.