విష్ణుధ్వజము

ఒక వింతకు కారణము తెలిసిపోయినచో భక్తి తరుగునా? ఢిల్లీ నగరమున మెహ్రౌలీ యందు, కుతుబ్ మీనారు చెంత నిలిచియున్న ఇనుప స్తంభము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

దాని ఎత్తు సుమారు 7.2 మీటర్లు, బరువు 6 టన్నులకు పైబడినది. దానిపై బ్రాహ్మీ లిపిలో చెక్కిన సంస్కృత శ్లోకములు, చంద్రుడను రాజు విష్ణువునందు మనస్సు నిలిపి, విష్ణుపదమను గిరిపై భగవంతునికి ఈ ధ్వజమును ఎత్తించెనని తెలుపుచున్నవి. ఆ రాజు గుప్త వంశీయుడైన రెండవ చంద్రగుప్తుడని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. అనగా సుమారు 1600 ఏండ్లుగా ఆ స్తంభము ఎండకు ఎండుచు, వానకు తడియుచు నున్నది. అయినను తుప్పు దానిని తినివేయలేదు. చూచినవారికి ఇది దైవమహిమ యని తోచుట సహజమే.

శాస్త్రజ్ఞులు కారణమును వెదకిరి. 1912లో హాడ్‌ఫీల్డ్ ఆ ఇనుమును పరీక్షించి, అందలి పదార్థముల పాళ్ళను ప్రకటించెను. 2000 సంవత్సరమున కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం రహస్యమును విశదపరచెను. ఆనాటి కమ్మరులు సున్నపురాయి కలుపక, కట్టెబొగ్గుతో ఖనిజమును కాల్చి ఇనుము తీసిరి. అందుచే భాస్వరము లోహమునందే మిగిలిపోయెను. మొదట పట్టిన పలుచని తుప్పు క్రింద ఆ భాస్వరము చేరి, తడిసి ఆరిన కొలది గట్టిపడి, రక్షక పొరగా ఏర్పడెను. ఇనుమును పెళుసుచేయు దోషముగా ఎంచబడు భాస్వరమే ఇచట కవచమైనది. అయితే 1961లో త్రవ్వి చూడగా, భూమిలో పాతిన భాగము తుప్పు పట్టియుండెను. తడి ఆరని చోట ఆ కవచము నిలువలేదు.

వింతనే ఆధారముగా చేసికొన్న భక్తికి ఈ మాట కష్టము కలిగించును. కాని తుప్పు పట్టదు గనుక అది విష్ణుధ్వజము కాలేదు. విష్ణువునకు సమర్పింపబడినది గనుక అయినది. అడుగున పట్టిన తుప్పు ఆ సమర్పణమును తాకజాలదు.

సమర్పించినవాడు రాజొక్కడే కాడు. ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దలను ఒకదానితో నొకటి సమ్మెటలతో అతికి, అంత స్తంభమును నిలిపిన కమ్మరుల పేర్లు ఆ శాసనమున లేవు. భాస్వరమను మాటను వారెరుగరు. తమ పని ఇన్ని శతాబ్దములు నిలుచునని తెలిసియుండదు. ఎవని పనితో వాడు భగవంతుని అర్చింపవలెనని గీత బోధించుచున్నది. వారు చేసినది అట్టి అర్చనయే.

కారణము తెలిసినకొలది ఆ చేతులయెడ గౌరవము పెరుగును. ఆలయమున ధ్వజస్తంభమునకు మ్రొక్కు భక్తుడు, దానిని నిలిపిన పేరెరుగని పనివారిని గూడ ఒక క్షణము తలచుకొనినచో, ఆ మ్రొక్కు మరింత నిండగును.