ఎలుక నడుగు ప్రశ్న

హుస్నాబాదు ప్రాంతమున వరినాట్లకు ముందు జనుము చల్లి, పసుపుపూత వచ్చువేళకు దమ్ములో కలియదున్నుట రైతు లెరిగినదే. ఆ జనుము జాతిలోని మరియొక మొక్క గింజలలోనుండు మోనోక్రోటలిన్ అను విషమును, పుపుస ధమనులలో రక్తపుపోటు పెరుగు వ్యాధికి మందు వెదకువారు ఎలుకకు సూదితో ఎక్కింతురు. కిలో బరువునకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కమారు చాలును. కాలేయము దానిని మరింత ఉగ్రముగా మార్చి రక్తములోనికి విడువగా, ఊపిరితిత్తుల నాళముల లోపొర చెడి, గోడలు దళసరియై, మూడు నాలుగు వారములలో గుండె కుడి జఠరిక ఆ ఒత్తిడికి ఎదురు నెట్టి నెట్టి బలిసిపోవును. పిమ్మట ఎలుకను చంపి, ఆ కండను వేరుచేసి తూచి, ఎడమ జఠరిక, నడిమి గోడల బరువుతో భాగింతురు. ఆ చిన్న అంకె మందు గుణమునకు సాక్ష్యము.

ఈ జాతి గింజలు మనుష్యులను విడువలేదు. 1970వ దశకమున సర్గుజా జిల్లాలో అవి చిరుధాన్యమున కలిసి, తిన్నవారు కాలేయము చెడి, కడుపులో నీరు చేరి మరణించినప్పుడు, కారణమును శోధించినవారిలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కలరు. ఆ బాధను తలచినవాడు ఎలుక బాధను అల్పమనజాలడు.

అట్లని ప్రయోగములు మానవలెనని నేననను. నాలుగు మెట్లెక్కలేక గోడ పట్టుకొని నిలుచు రోగికి ఆ మాట చెప్పుటకు నోరురాదు. నన్ను కలచునది వేరు. విషమెక్కించిన నాడే మందు మొదలిడి, వ్యాధి రాలేదని సంతసించు ప్రయోగము లున్నవి. రోగి వైద్యుని చేరునది వ్యాధి ముదిరిన పిమ్మట కదా! కాలేయమున విషము మారకుండ అడ్డుపడు మందు సైతము అచ్చట దివ్యౌషధమువలె కనబడును. వ్యాధి హెచ్చుగా స్త్రీలకు వచ్చుచుండగా, పరీక్ష తరచు మగ ఎలుకలపైననే జరుగును. 2005లో ఎలుకలలో వ్యాధిని వెనుకకు మరలించిన ఇమాటినిబ్ అను మందు, 2013లో ప్రకటితమైన మానవ పరీక్షలో నడకదూరమును పెంచినను, కొందరికి మెదడు పొరక్రింద రక్తస్రావమైనది.

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నొప్పిని తగ్గింపుమనును. ప్రశ్నను సరిగా అడుగుమని ఏ చట్టము చెప్పగలదు? వ్యాధి స్థిరపడిన పిదపనే మందియ్యవలెను, ఆడ మగ ఎలుకలు రెండింటను చూడవలెను, తూచువానికి ఏది మందు పొందిన ఎలుకయో తెలియరాదు. ఫలింపని ప్రయోగమును సైతము ప్రకటింపవలెను. లేనిచో అది తెలియని మరియొక ప్రయోగశాలవారు, అదే మందుకై, అదే విషమును మరికొన్ని ఎలుకలకు ఎక్కింతురు.