హాస్యం, చనువు, బాధ్యత: ‘టార్టియా ఫ్లాట్’ పాఠక స్పందనలో ఒక నైతిక ప్రశ్న

పాఠకులు తన పాత్రలను మెచ్చుకున్నందుకు రచయిత నొచ్చుకోవడం సాహిత్యచరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. జాన్ స్టైన్‌బెక్ నవల ‘టార్టియా ఫ్లాట్’ (1935) విషయంలో అదే జరిగింది. ఆయన తొలి మూడు పుస్తకాలకు దక్కని ఆదరణ దీనికి దక్కింది. రెండేళ్లకు, 1937లో, మోడరన్ లైబ్రరీ ముద్రణకు రాసిన ముందుమాటలో మాత్రం ఆయన సంతోషం వ్యక్తం చేయలేదు. తనకు తెలిసిన మనుషులను పాఠకులు వింత జీవులుగా చూశారనీ, అలా చూస్తారని తెలిసి ఉంటే ఈ కథలు రాసేవాణ్ణి కాననీ ఆవేదన చెందాడు. తరువాతి ముద్రణలలో ఆ ముందుమాట లేదు. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం నిలిచే ఉంది: సమాజం వెలివేసినవారిని నవ్వుతూ ప్రేమించడం నిర్దోషమైన పనేనా?

నవలాస్థలం కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణానికి ఎగువన ఉన్న పేదవాడ. స్పానిష్, ఇండియన్, మెక్సికన్ తదితర రక్తసంబంధాలు కలిసిన పైసానోలు అక్కడ ఉంటారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి తిరిగివచ్చిన డానీకి తాతగారి నుంచి రెండు ఇళ్లు సంక్రమిస్తాయి. మిత్రులు ఒక్కొక్కరే వచ్చి చేరతారు. పనీపాటా లేని ఈ తాగుబోతుల బృందాన్ని ఆర్థర్ రాజు వీరులతో పోలుస్తూ స్టైన్‌బెక్ కథ నడిపాడు. అల్పవిషయాన్ని మహోదాత్తశైలిలో చెప్పడమే ఇందులోని ప్రధాన హాస్యసాధనం.

ఈ హాస్యం అంతా ఒకే జాతిది కాదు. పిలాన్ డానీ ఇంటిని నెలకు పదిహేను డాలర్లకు అద్దెకు తీసుకుంటాడు. ఒక్క డాలరూ చెల్లించడు. అదే ఇంటిలో కొంతభాగాన్ని పాబ్లోకు అద్దెకిచ్చి, తాను బాకీ తీర్చకపోవడానికి పాబ్లోను కారణంగా చూపుకొనే వీలు కల్పించుకుంటాడు. ప్రతి స్వార్థానికీ అతడి వద్ద ఒక పరోపకార సిద్ధాంతం సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ నవ్వు పేదరికం మీద కాదు. లాభానికి ధర్మం ముసుగు వేసే పెద్దమనుషుల తర్కం మీద. చదువరి నవ్వుతూనే తన తర్కాన్ని అందులో గుర్తుపట్టే అవకాశం ఉంది. గుర్తుపట్టాడా లేదా అన్నది వేరే సంగతి.

హాస్యరసం అధికంగా స్త్రీలలోనూ నీచప్రకృతులలోనూ కనిపిస్తుందని నాట్యశాస్త్రం చెబుతుంది. నవ్వును సామాజిక శ్రేణితో ముడిపెట్టిన ఈ వర్గీకరణ నేటి దృష్టికి అభ్యంతరకరమే. అయినా అది ఒక నిజాన్ని దాచకుండా చెప్పింది: నవ్వు తరచుగా పై నుంచి కిందికి ప్రవహిస్తుంది. నవ్వేవాడు ఎక్కడ నిలిచి ఉన్నాడన్న ప్రశ్న లేకుండా హాస్యవిచారణ పూర్తి కాదు.

1973లో చికానో విమర్శకుడు ఫిలిప్ ఒర్తెగో ఈ ప్రశ్నే వేశాడు. నవలలోని పైసానోలు మూసచిత్రాలనీ వ్యంగ్యచిత్రాలనీ ఆయన ఆక్షేపణ. తనవారిని సోమరులుగా, చిల్లరదొంగలుగా చూపిన పుస్తకం చూసి లోకం ముచ్చటపడుతుంటే ఆ ముచ్చటలో పాలుపంచుకోవడం ఎవరికైనా కష్టమే. ఈ ఆక్షేపణను హాస్యాభిరుచి లోపంగా కొట్టివేయడం సులువు, న్యాయం కాదు.

ముందుమాటలో స్టైన్‌బెక్ తప్పంతా పాఠకుల మీదికే నెట్టాడు. వచనం అందుకు సమ్మతించదు. తెరెసీనా కోర్తెజ్ వృత్తాంతమే ఉదాహరణ. రొట్టె, చిక్కుడుగింజలు తప్ప మరేమీ ఎరుగని ఆమె పిల్లలు ఆరోగ్యంగా ఉండటం చూసి బడికి వచ్చిన వైద్యుడు విస్తుపోతాడు. పంట పోయినప్పుడు డానీ మిత్రులు రకరకాల ఆహారం దొంగిలించి తెస్తే పిల్లలు జబ్బుపడతారు. చిక్కుడుగింజలు దొరికాకే కోలుకుంటారు. మిత్రుల ఆదుర్దా నిజమైనది, ఘట్టం నవ్వు పుట్టించేది. కానీ పేదవాడి కడుపుకు ఆ కాస్త చాలునన్న ఊరట కూడా ఆ నవ్వుతోపాటే పాఠకుడికి అందుతుంది. ఆ ఊరటను సమకూర్చినవాడు రచయితే. ఆకలి ముచ్చటగా కనిపించిన చోట ప్రేమకు ఖర్చు ఉండదు.

పైరేట్ కథ ఇందుకు భిన్నం. కుక్కలతో కోళ్లగూటిలో బతికే ఈ అమాయకుడు రోజూ కట్టెలమ్మి పావుడాలరు దాస్తాడు. జబ్బుపడిన కుక్క కోలుకుంటే సెయింట్ ఫ్రాన్సిస్‌కు బంగారు దీపస్తంభం సమర్పిస్తానని మొక్కుకున్నాడు. ఆ డబ్బు కాజేయాలని మిత్రులు అతడిని ఇంటికి చేరుస్తారు. అతడు వారినే నమ్మి సంచీని వారి చేతికి అప్పగించడంతో దొంగతనం అసాధ్యమవుతుంది. ఇక్కడ పాత్రలు ముద్దుగా ఉండటం మానేసి నైతికవ్యక్తులవుతాయి: నమ్మకానికి కట్టుబడతాయి, తమ పథకాన్ని తామే వదులుకుంటాయి. ఆ సంచీని తరువాత దొంగిలించిన బిగ్ జోను అదే మిత్రులు క్రూరంగా కొడతారు. నవలను నవ్వులమూటగా తలచుకొనేవారి జ్ఞాపకంలో ఈ దెబ్బలకు చోటుండదు. ప్రేమించదగినవారిగా ఉంచుకోవడానికి పాత్రలను కత్తిరించుకోవడం కూడా ఒక రకమైన వెలివేతే.

1942లో వచ్చిన చలనచిత్రం ఈ కత్తిరింపును బాహాటంగా చేసింది. స్పెన్సర్ ట్రేసీ, హెడీ లమార్, జాన్ గార్‌ఫీల్డ్ నటించిన ఆ చిత్రంలో డానీ మరణించడు; పెళ్లి చేసుకొని కుదురుకుంటాడు. వెలివేయబడినవాడిని ప్రేమించాలంటే ముందు అతడిని గృహస్థుణ్ణి చేయాలన్నమాట.

నవలలో డానీ చనిపోతాడు. అంత్యక్రియలకు ఊరంతా మంచిబట్టలు కట్టుకొని వస్తుంది. ప్రాణమిత్రులకు మాత్రం తగిన దుస్తులు లేవు; అరువు తెచ్చుకొనే దారీ దొరకదు. వారు చర్చిలోకి వెళ్లరు, దూరంగా గడ్డిలో ఉండి చూస్తారు. అంతవరకు ఆ ఇంటిలో వారితో చనువుగా మసలిన పాఠకుడు ఈ ఘట్టంలో ఎవరి పక్కన ఉన్నాడో కథకుడు చెప్పడు. చర్చిలోకి వెళ్లడానికి తగిన బట్టలు మాత్రం అతడి వద్ద ఉన్నాయి.