మడమ నరం మోసే మొక్కు

ఉగాది దగ్గరపడితే కర్నూలు నుంచి ఆత్మకూరు వెళ్లే రోడ్డు పక్కన పగలూ రాత్రీ నడక సాగుతుంది. కర్ణాటక పల్లెల నుంచి వందల కిలోమీటర్లు కాలినడకన శ్రీశైలం వెళ్లే భక్తులు వాళ్లు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. పండక్కి ఆడపిల్ల ఇంటికి ఉత్తచేతులతో పోతారా? చీర, సారె, పసుపు, కుంకుమ పట్టుకొస్తారు. కొందరు కర్రల కాళ్లు కట్టుకుని వాటి మీదే నడిచి వస్తారు.

ఆత్మకూరు దాటాక వెంకటాపురం మీదుగా నల్లమలలోకి మళ్లుతారు. అక్కడి నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. దారంతా రాళ్లు, మెట్లు, ఎక్కుడు, దిగుడు. ఎక్కేటప్పుడు మడమ వెనకాల ఉన్న తాడు ఒంటిని పైకి లాగుతుంది. దిగేటప్పుడు మోకాలిచిప్ప కింద ఉన్న తాడు మనిషి తూలిపడకుండా పట్టి ఆపుతుంది. డాక్టర్లు వాటిని టెండాన్లు అంటారు. జనం నోట అవన్నీ నరాలే. ‘మడమ నరం పట్టేసింది’ అని కూలబడే మనిషి ఆ దారిలో ఏటా కనిపిస్తాడు. పక్కనున్నవాళ్లు నూనె రాసి, గుడ్డ బిగించి లేపుతారు. లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ, మళ్లీ నడుస్తాడు.

అతను నడవాలా, ఆగాలా? మొక్కుకు నొప్పి ఎంత కావాలి? ఇది వైద్యుడు ఒక్కడే తేల్చే ప్రశ్న కాదు, పూజారి ఒక్కడే తేల్చేదీ కాదు.

ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు ఈ తాళ్ల విలువ ఎప్పుడో పట్టుకున్నాడు. పలకలను తాళ్లతో గట్టిగా కడితేనే పడవ నీటి మీద మనుషుల బరువు మోస్తుంది, స్నాయువులు, అంటే ఈ తాళ్లు, బిగించి కట్టబట్టే ఒళ్లు బరువు మోస్తుంది అన్నది ఆయన పోలిక. ఎముకకో కండకో తగిలిన దెబ్బ కన్నా స్నాయువుకు తగిలిన దెబ్బే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని కూడా ఆయన చెప్పాడు. ఎందుకన్నది ఇప్పటి శాస్త్రం వివరిస్తోంది. టెండాన్ చాలావరకు కొల్లాజెన్ పోగులే. కణాలు తక్కువ, రక్తనాళాలు ఇంకా తక్కువ. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన రక్తం అందడం మరీ పలచన. ఎక్కువగా తెగేదీ అక్కడే.

ఇక లోపల జరిగే కథ. ఊపిరితో వెళ్లిన ప్రాణవాయువును కణాలు శక్తి కోసం వాడుకుంటాయి. ఆ పనిలో కొంత ప్రాణవాయువు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన రూపాలు దాలుస్తుంది. పొయ్యి మండితే నిప్పురవ్వలు ఎగిరినట్టు. వాటిని ఆర్పడానికి శరీరం దగ్గర ఎంజైములున్నాయి. రవ్వలు ఎక్కువై ఆర్పే శక్తి చాలనప్పటి స్థితికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే పేరు 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మట్ జీస్ స్థిరపరిచాడు. ఇనుముకు తుప్పు పట్టడం కూడా ఈ జాతి రసాయన చర్యే. దెబ్బతిన్న టెండాన్లలో పెరాక్సిరెడాక్సిన్ 5 అనే రక్షక ఎంజైము పెరిగి ఉంటుందని 2001లో ఒక పరిశోధన చూపింది. మంట రేగినచోటే కావలివాళ్లు గుమిగూడినట్టన్నమాట. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్ మందులతో టెండాన్ తెగే ప్రమాదం ఉందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. ఆ హానికి వైద్యులు అనుమానించే కారణాల్లో ఈ మంట కూడా ఒకటి.

అలాగని రవ్వలన్నీ శత్రువులా? 2009లో జర్మనీ పరిశోధకులు కొందరు యువకులతో 4 వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితనం మెరుగైంది. వేసుకున్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. కాస్త మంట తగిలితేనే ఒళ్లు తన్ను తాను దిటవు చేసుకుంటుంది. దాన్ని పూర్తిగా ఆర్పేస్తే ఆ కబురే లోపలికి అందదు.

తపస్సు అన్న మాటకు మూలం తపించడం, అంటే కాగడం. కష్టపడకుండా మనిషి మారడని నమ్మిన పెద్దలు ఆ మాట ఊరికే ఎంచుకోలేదు. కానీ కాగడానికీ మాడిపోవడానికీ మధ్య గీత ఎక్కడ? టెండాన్ దగ్గర ఆ గీత గంటల్లోనే ఉంది. గట్టి శ్రమ తర్వాత మొదటి 24 నుంచి 36 గంటలు టెండాన్‌లో కొల్లాజెన్ పుట్టేదానికన్నా విరిగేదే ఎక్కువ. ఆ తర్వాతే కొత్తది మిగులుతుంది. ఆ గడువు ఇవ్వకుండా రోజుల తరబడి నడిస్తే విరిగిన చోటే మళ్లీ విరుగుతుంది. ఏడాదంతా చేలో తిరిగే కాళ్లకు ఈ భారం కొంత అలవాటే. బండి దిగి నేరుగా అడవి దారి పట్టిన కాళ్లకు కాదు.

ఈ దేహం క్షణక్షణం మారిపోయేది, దాని మీద మమకారం ఎందుకన్నది మన వేదాంతం తరచూ వేసే ప్రశ్న. చర్మం, రక్తం విషయంలో అది నిజమే, పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. మడమ టెండాన్ దగ్గర మాత్రం వేరే సంగతి బయటపడింది. 1955 నుంచి 1963 వరకు జరిగిన అణుబాంబు పరీక్షలతో గాలిలో రేడియో కార్బన్ పెరిగింది, తిండి ద్వారా మనుషుల ఒంట్లోకి చేరింది. ఆ గుర్తును పట్టుకుని డెన్మార్క్ పరిశోధకులు 2013లో లెక్క తేల్చారు. మడమ టెండాన్ నడిభాగం దాదాపు 17 ఏళ్లకే తయారై, ఆ తర్వాత చెప్పుకోదగ్గంతగా మారదట. అంటే అరవై ఏళ్ల రైతు నల్లమల ఎక్కేది కుర్రతనంలో అల్లుకున్న తాడుతోనే. అశాశ్వతమైన దేహంలో జీవితాంతం నమ్ముకోవలసిన సొత్తు అది. ఒకసారి తెగితే పాత నేత తిరిగి రాదు, మచ్చ కట్టిన అతుకు వస్తుంది.

ఇలాంటి తాడును మొక్కు కోసం పణంగా పెడితే శివుడు ఏమంటాడు? కాళిదాసు కుమారసంభవంలో దానికి జవాబుంది. పార్వతి ఘోర తపస్సులో ఉండగా శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని అడుగుతాడు. ధర్మం సాధించడానికి మొట్టమొదటి పనిముట్టు శరీరమేనని గుర్తుచేస్తాడు. కడప సీమలోనూ ఇలాంటి కథే ఉంది. తాళ్లపాక నుంచి తిరుమలకు బయల్దేరిన బాలుడు అన్నమయ్య మోకాళ్ల మిట్ట దగ్గర ఆకలితో సొమ్మసిల్లాడు. అలమేలుమంగ ఎదురొచ్చి, చెప్పులు విడిచి కొండెక్కమని చెప్పింది, ప్రసాదమూ పెట్టింది. నియమం, అన్నం రెండూ ఒక్క చేతి నుంచే వచ్చాయి. ఒంటిని హింసించడమే యోగమనుకునేవాళ్లను వేమన ఎంత గట్టిగా మందలించాడో సీమలో పిల్లలకూ తెలుసు.

భక్తికి ఇంకో దారి కూడా ఈ కొండల్లోనే కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. వెనక వచ్చేవాడి మడమ మీద భారం తగ్గించడాన్ని ఆ రాజు పుణ్యకార్యంగా ఎంచాడు. ఆ మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకున్నవాడి మొక్కు తగ్గిపోతుందని ఆయన అనుకుని ఉండడు.

కాబట్టి కూలబడ్డ ఆ మనిషికి చెప్పవలసింది ఉంది. పట్టేసిన నరంతో అడవి దిగడం మొక్కులో భాగం కాదు. మడమ వెనక టప్పున చప్పుడై, మునివేళ్ల మీద లేవలేకపోతే అక్కడే ఆగి ఆసుపత్రికి చేరాలి. వట్టి వాపు, నొప్పి అయితే ఒకటి రెండు రోజులు నడక ఆపి చూడొచ్చు. దీర్ఘకాలపు మడమ నొప్పికి స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ఒక పద్ధతి ప్రకటించాడు. మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించాలి. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. అదీ ఓపిక పరీక్షే, అదీ తపించడమే.

తెలుగింట్లో దూరం నుంచి పుట్టింటివాళ్లు వస్తే ఆడపడుచు మొదట చేసే పని కాళ్లకు నీళ్లివ్వడం. సారె సంగతి ఆ తర్వాతే. నడక దారిలోని ఊళ్లలో నీళ్లు, అన్నం పెట్టి ఆదరించేవాళ్లున్నారు. వాళ్లలో ఎవరైనా వాచిన మడమను ఒళ్లో పెట్టుకుని, రెండు వేళ్లతో తడిమి, ‘ఈ పూటకు ఉండి పో, అయ్యా’ అంటే, ఆ మాట భ్రమరాంబ పంపిందనుకుని అతను చాప మీద ఒరగొచ్చు.